లోణీ గ్రామపు పెద్దరైతు
విఠల్‌రావు విఖే పాటీలు జీవితము – సభ్యులకు పాఠము

సహకార సంఘముల నిబంధనలను పుస్తకములలో చదివి వాని మర్మ మెఱిగినవారు కొలదిమంది. ఆ నిబంధనలు ఒక మనుష్యుని బ్రతుకులో ఎట్లు పనిచేసినవో చూచి నేర్చుకొనువారు పెక్కుమంది. కావున ఈ మాసపు పాఠమునకు మేము చట్టమును గాక, ఒక రైతు జీవితమును ఎన్నుకొంటిమి. ఆయన ఆంధ్రుడు కాడు, మహారాష్ట్రుడు. పేరు విఠల్‌రావు ఏక్‌నాథ్‌రావు విఖే పాటీలు. ఆయన ఊరు అహమ్మదునగరము జిల్లాలోని లోణీ. ఆ జిల్లాకు 2024లో అహిల్యానగరమని పేరు మార్చిరి.

కలిగిన రైతు ఊరికి పెద్దయగుట వింత గాదు. ప్రతి గ్రామమునను అట్టివారు ఒకరిద్దరుందురు. పంట పండించుకొని, ధర వచ్చువఱకు నిలువ యుంచుకొని, ఇతరులకు చేబదులిచ్చి, తమ యిల్లు తాము చక్కబెట్టుకొందురు. సంఘము బీదసాదలకే గాని కలవారి కెందులకని అడుగువారును కలరు. ఈ ప్రశ్నకు విఠల్‌రావు జీవితము చక్కని సమాధానము. ఆయన తలచినచో తానొక్కడే గట్టెక్కగలిగెడివాడు. అట్లు ఒంటరిగా గట్టెక్కక పొరుగువారితో గూడ దాటుటయే ఆయన పెద్దఱికము.

ఆ సీమ, ఆ అప్పు

దక్కను పీఠభూమిలో అహమ్మదునగరము జిల్లా వాననీడ ప్రదేశము. పడమటి కనుమలు మేఘముల నడ్డగించుటచే వర్షము తక్కువ, కఱవులు తఱచు. జొన్నయు సజ్జయు అచ్చటి పంటలు. పంట తప్పిన యేట శిస్తు కట్టుటకును గింజలు కొనుటకును రైతు షావుకారు నాశ్రయించెడివాడు. పత్రముమీద వేలిముద్ర వేసినంతనే భూమి చేజారుటకు దారి యేర్పడెడిది. 1875వ సంవత్సరమున పూనా జిల్లా సూపా గ్రామమున మొదలై అహమ్మదునగరము జిల్లాలోనికిని వ్యాపించిన రైతుల అల్లరులు ఈ బాధనుండి పుట్టినవే. రైతులు ముఖ్యముగా వెదకి తగులబెట్టినవి షావుకార్ల యొద్దనున్న ఋణపత్రములు. ఆ మీదట 1879లో దక్కను వ్యవసాయదారుల ఉపశమన చట్టము వచ్చెను.

కాని కాగితములు కాల్చినంత మాత్రమున అప్పు తీఱదు. చట్టము చేసినంత మాత్రమున వచ్చే యేటి విత్తనములకు సొమ్ము పుట్టదు. షావుకారును తిట్టుట సులభము. అతడు చేయు పనిని తక్కువ వడ్డీకి చేయగల వేఱొక యేర్పాటు చేసికొనుట కష్టము. మన దేశమున 1904లో వచ్చిన సహకార పరపతి సంఘముల చట్టము ఆ రెండవ పనికి త్రోవ చూపెను.

లోణీ పరపతి సంఘము

విఠల్‌రావు శ్రావణ పూర్ణిమనాడు రైతు కుటుంబమున జన్మించెను. ఆ పూర్ణిమను మహారాష్ట్రులు నారళీ పూర్ణిమ యందురు. పాటీలు అనగా మనవైపు మునసబు వంటి గ్రామాధికారము. ఆయన బడిచదువు నాల్గవ తరగతితో ముగిసెను. పొలము పనియు, సంతలో బేరమును, ఊరి తగవులను వినుటయు ఆయనకు తరువాతి చదువులు.

1923లో ఆయన లోణీలో సహకార పరపతి సంఘమును స్థాపించెను. ఇది చిన్న సంగతిగా తోచవచ్చును గాని ఇందొక మెలకువ కలదు. ఆ కాలపు గ్రామ పరపతి సంఘములు చాలవఱకు అపరిమిత బాధ్యత గలవి. అనగా సంఘము అప్పు తీర్చలేకపోయినచో, ఆ లోటును సభ్యులందఱు తమ స్వంత ఆస్తులనుండి పూడ్చవలయును. ఏమియు లేనివానికి దీనివలన పోవునది కొంచెము. భూమి గలవానికే యెక్కువ భయము. కనుకనే పలు గ్రామములలో కలిగిన రైతులు సంఘమునకు దూరముగా నిలిచిరి. అట్టి రైతు సంఘములో చేరినచో ఇరుగుపొరుగువారి నడవడికి తన భూమిని పూటబెట్టినట్లే యగును. దాని ఫలముగా సంఘమునకు పరపతి పెరుగును. ఆ పరపతిమీద బీదరైతుకు అప్పు పుట్టును.

ఇట్టి సంఘమున పెద్దరైతు చేయవలసిన పనులు మూడు. అప్పు అడుగువాని అవసరము నిజమైనదో కాదో తెలిసికొనుట. ఇచ్చిన సొమ్ము పొలమునకే చేరినదో లేదో చూచుట. గడువునకు బాకీ వసూలగునట్లు చేయుట. ఈ మూడును ఊరిలో నివసించువానికే సాధ్యము. దూరమున నున్న బ్యాంకి గుమాస్తాకు పొలమును తెలియదు, మనిషియు తెలియడు.

నీరు వచ్చెను, లాభము రాలేదు

ప్రవరా నదిమీద భండార్‌దరా యొద్ద 1910లో ఆరంభమైన ఆనకట్ట 1926లో పూర్తియయ్యెను. ప్రవరా కాలువల క్రింద మెట్టపొలములు చెఱకు తోటలుగా మారినవి. కాలువ వచ్చినచో కఱవు తీఱునని అందఱు తలంచిరి. జొన్నచేనునకు వచ్చు కఱవు తీఱెను గాని, చెఱకుతో వేఱొక చిక్కు వచ్చెను.

చెఱకు పండించువారికి మేము చెప్పనక్కఱలేదు. ఈ పంటకు ఎరువు, నీటితీరువ, కూలి అన్నియు హెచ్చు. పదునొకండు పండ్రెండు నెలలు సొమ్ము నేలలో నుండును. నఱకిన చెఱకును వెంటనే ఆడింపనిచో తీపు తగ్గి బరువు పోవును. ఆడించి బెల్లము వండినను అది వానకాలమున చెమ్మగిల్లి నీరుగారును. కావున చిన్నరైతు వండిన బెల్లమును వండినట్లే అమ్మవలయును. అందఱు ఒకే కాలమున బండ్లు తోలుకొనివచ్చుటచే సంతలో ధర పడిపోవును. ధర నిర్ణయించువాడు దలారి. తూకము వేయువాడును, ముందుగా అప్పిచ్చినవాడును ఆ దలారియే యగుట తఱచు. 1929 తరువాతి ధరల పతనమున ఈ బాధ మఱింత తీవ్రమయ్యెను.

1932లో విదేశపు పంచదారపై రక్షణ సుంకము వేయుటచే మన దేశమున పంచదార ఫ్యాక్టరీలు శీఘ్రముగా పెరిగెను. దక్కను కాలువల క్రింద నెలకొనిన ప్రైవేటు కంపెనీలు రైతుల భూములను కౌలునకు తీసికొని, వేల యెకరములలో తామే చెఱకు వేయించెను. భూమి రైతుది, నీరు సర్కారుది, లాభము వాటాదారులది. తన పొలములోనే కూలికి పోయిన రైతు ఆ సీమలో అరుదు గాడు.

ఈ స్థితిలో కలిగిన రైతునకు రెండు త్రోవలు కలవు. తన గానుగ తాను పెట్టుకొని, బెల్లము నిలువచేసికొని, తన మట్టునకు తాను బాగుపడుట యొకటి. లేదా తోటి రైతుల నందఱిని కూర్చి ఫ్యాక్టరీనే రైతుల సొత్తుగా చేయుట రెండవది. విఠల్‌రావు రెండవ త్రోవ పట్టెను.

1945వ సంవత్సరపు సభ

1945లో బేలాపూర్ రోడ్డు అను చోట దక్కను కాలువల క్రింది తోటరైతుల మహాసభ జరిగెను. శ్రీరామపురమునకు ఆనాడు ఆ పేరు. సభకు అధ్యక్షుడు ధనంజయరావు గాడ్గీళ్, పూనాలో 1930లో నెలకొల్పబడిన గోఖలే రాజనీతి అర్థశాస్త్ర సంస్థకు అధిపతి. రైతులే సహకార పద్ధతిని పంచదార ఫ్యాక్టరీ పెట్టుకొనవచ్చునని ఆయన సభవారికి చెప్పెను. విన్నవారిలో చాలమందికి అది గగనకుసుమముగా తోచియుండును. ఫ్యాక్టరీకి కావలసినది లక్షల రూపాయలు. రైతు యొద్ద నున్నది నాగలి, కాడెద్దులు, గతించిన యేటి బాకీ.

ఆ మాటను పట్టుకొని పనిలో పెట్టినవాడు విఠల్‌రావు. ఆయన నలువదికి పైగా గ్రామములు తిరిగి వాటాలు కట్టించెను. ఇట్టి పనిలో మొదటి ప్రశ్న ఎల్లప్పుడు ఒక్కటే: నీవెంత కట్టితివి? తాను కట్టక ఇతరులను కట్టుమనువానికి ఊరిలో చెవియొగ్గువారుండరు. రెండవ ప్రశ్న: సొమ్ము పోయినచో ఎవరిని పట్టుకొందుము? దీనికి పాతికేండ్లుగా పరపతి సంఘమును నడిపిన చరిత్రయే జవాబు. 1923 నాటి చిన్న సంఘము లేనిదే 1950 నాటి పెద్ద ఫ్యాక్టరీ లేదు. మన సభ్యులు ఈ సంబంధమును గుర్తింపవలయును. నమ్మకము అనునది వాటాధనముకంటె ముందు పోగుచేయవలసిన మూలధనము.

రైతుల వాటాలకు తోడు బొంబాయి ప్రభుత్వము కొంత వాటా తీసికొనెను. పారిశ్రామిక ద్రవ్యసంస్థ ఋణమిచ్చెను. ఆ కాలమున బొంబాయి రాష్ట్రమునకు ద్రవ్యమంత్రిగా నున్న వైకుంఠభాయి మెహతా అంతకుముందు పెక్కేండ్లు రాష్ట్ర సహకార బ్యాంకిని నడిపినవాడు. రైతుల ప్రయత్నమునకు ఆయన చేయూత లభించెను. 1950-51 సీజనులో ప్రవరానగరమున చెఱకు ఆడుట మొదలయ్యెను.

ఇచ్చట మేము ముఖ్యముగా చూపదలచిన సంగతి యొకటి కలదు. ఊరూర తిరిగి వాటాలు కూర్చినవాడు విఠల్‌రావు. అయినను ఫ్యాక్టరీకి మొదటి అధ్యక్షుడు గాడ్గీళ్ పండితుడు, విఠల్‌రావు ఉపాధ్యక్షుడు. సుమారు పదియేండ్లు ఆ యేర్పాటే సాగెను. లెక్కలును చట్టమును తెలిసిన నిస్స్వార్థుని పై పీఠమున కూర్చుండబెట్టి, తాను రెండవ పీటమీద కూర్చుండుటకు ఆ పెద్దరైతు సంకోచింపలేదు. తన పేరుకంటె సంఘపు లెక్క ముఖ్యమని తలంచువాడు గనుక ఆ పని చేయగలిగెను. మన గ్రామములందు అధ్యక్షపదవి తగవుతో ఎన్ని సంఘములు చీలిపోయినవో తలచుకొన్నచో ఈ యొక్క విషయము చాలును.

ఫ్యాక్టరీ రైతుదైనచో కలుగు భేదము

సహకార ఫ్యాక్టరీ పనిచేయు తీరును సంగ్రహముగా వివరింతుము. సభ్యుడు వాటా కట్టి, ఇన్ని యెకరముల చెఱకును ఈ ఫ్యాక్టరీకే తోలుదునని ఒడంబడిక వ్రాసియిచ్చును. ఫ్యాక్టరీవారు నాటిన తేదీని బట్టి వరుస యేర్పఱచి, ఎవరి తోట ఎప్పుడు నఱకవలయునో తెలుపుదురు. నూఱు మణుగుల చెఱకునుండి సుమారు పది మణుగుల పంచదార వచ్చును. దాదాపు మూడవ వంతు పిప్పియై, అదియే బాయిలరులకు వంటచెఱకగును. మొలాసిసు సారాయి బట్టీలకును, వడపోతలో మిగులు మడ్డి పొలమునకు ఎరువుగాను పనికివచ్చును. ప్రైవేటు కంపెనీలో ఈ మిగులు ఆదాయమంతయు వాటాదారులకు పోవును. సహకార ఫ్యాక్టరీలో అది చెఱకు ధరలో చేరి రైతుకే తిరిగివచ్చును.

ధర విడతలుగా చెల్లింతురు. చెఱకు తోలిన పిమ్మట తొలి విడత, పంచదార అమ్ముడైన కొలది తక్కిన విడతలు. ప్రతి టన్నుమీద కొంత సొమ్మును డిపాజిట్టుగా మినహాయించి, యంత్రముల అప్పు తీర్చుటకును ఫ్యాక్టరీని పెంచుటకును ఉపయోగింతురు. రైతు గ్రామసంఘమున తీసికొన్న పంట అప్పును చెఱకు సొమ్మునుండియే మినహాయింతురు. అందుచే పరపతి సంఘమునకు వసూలు కష్టము తప్పును. అప్పు, పంట, అమ్మకము అను మూడును ఒక్క త్రాటికి కట్టినప్పుడే రైతు నిలద్రొక్కుకొనును. ఒక్క అప్పు మాత్రమే యిచ్చి అమ్మకమును దలారికి వదలిన సంఘము అడుగు లేని కడవ వంటిది.

ఈ పద్ధతి చూచి ఆ జిల్లాలోనే కోపర్‌గావ్, రాహురీ మున్నగు చోట్ల రైతులు ఫ్యాక్టరీలు పెట్టుకొనిరి. 1961లో విఠల్‌రావునకు పద్మశ్రీ బిరుదము లభించెను. 1964లో ప్రవరా గ్రామీణ విద్యాసంఘము స్థాపింపబడెను. తరువాతి దశాబ్దమున లోణీలో ఆస్పత్రియు వెలసెను. నాల్గవ తరగతితో చదువు ముగించిన రైతు పేరుతో ముడిపడిన ఊరు బడులకును కళాశాలలకును నెలవయ్యెను. 1980లో ఆయన కాలధర్మము నొందెను. ఆయన పుట్టిన శ్రావణ పూర్ణిమను మహారాష్ట్రమున రైతు దినముగా జరుపుకొందురు.

మన ఏటికొప్పాక

ప్రవరా ఫ్యాక్టరీయే మొదటి సహకార పంచదార ఫ్యాక్టరీ యని పలువురు వ్రాసియున్నారు. తెలుగువారు ఈ మాటను సరిదిద్దుకొనవలయును. అంతకు పూర్వమే 1933లో విశాఖపట్టణము జిల్లా ఏటికొప్పాకలో రైతులు సి.వి.ఎస్. నరసింహరాజుగారి పూనికతో సహకార పంచదార సంఘమును స్థాపించిరి. ఇంచుమించు ఆ కాలముననే తుమ్మపాలలోను ఉయ్యూరులోను, ఉత్తరదేశమున బిస్వానులోను ఇట్టి ప్రయత్నములు జరిగెను. ఆ నాలుగింటిలో సహకార సంఘముగా ఆనాడు తట్టుకొని నిలిచినది ఏటికొప్పాక.

ఈ మాట ఎవరు ముందను పంతమునకు చెప్పుటలేదు. యంత్రము ఒకటే, చెఱకు ఒకటే, చట్టము ఒకటే యైనను, కొన్ని సంఘములు నిలుచుటకును కొన్ని కూలుటకును కారణము సభ్యుల కట్టుబాటులో నున్నదని తెలుపుటకే. బెల్లము ధర పెరిగిన యేట ఫ్యాక్టరీని మఱచి గానుగకు చెఱకు తోలుకొనిపోవుచు, ధర పడిన యేట మాత్రము ఫ్యాక్టరీ తలుపు తట్టు సభ్యులతో ఏ సంఘమును బ్రతుకజాలదు.

ఈ కథకు రెండవ ప్రక్క

పాఠమనగా పొగడ్త మాత్రమే కాదు. మహారాష్ట్ర సహకార ఫ్యాక్టరీల తరువాతి చరిత్రలో మనము జాగ్రత్తపడవలసిన విషయములు మూడు కలవు.

మొదటిది పదవి. పలుచోట్ల పాలకవర్గపు పీఠములు కొన్ని కుటుంబముల పరమైనవి. ఫ్యాక్టరీ అధ్యక్షత శాసనసభకు మెట్టయ్యెను. విఠల్‌రావు కుమారుడును మనుమడును మంత్రిపదవు లలంకరించిరి. సంఘసేవకుని వంశమువారు మంత్రులగుట దోషము కాదు. కాని సంఘపు పదవి వారసత్వపు ఆస్తియని సభ్యులే తలపోయు దినమున, లెక్క అడుగువాడు ద్రోహిగా కనబడును. రాజకీయములు లెక్కలలో జొరబడి, నష్టములపాలై మూతపడినవియు, ప్రైవేటువారికి అమ్ముడుపోయినవియు నగు సహకార ఫ్యాక్టరీలు ఆ రాష్ట్రమున కొన్ని కలవు.

రెండవది నీరు. వాన తక్కువైన సీమలో కాలువ నీటిలో పెద్దపాలు చెఱకు త్రాగుచున్నది. కాలువ చివర నున్న మెట్టరైతు గొంతు ఎండినచో, ఎగువ రైతుల సహకారము పూర్తి సహకారము కాదు.

మూడవది కూలివాడు. బీడు మున్నగు మెట్టజిల్లాల నుండి పిల్లాపాపలతో వచ్చి, ఆఱు నెలలు పాకలలో కాపురముండి చెఱకు నఱకు కూలీలకు ఈ ఫ్యాక్టరీలలో వాటా లేదు. వాటా భూమిని బట్టియే వచ్చుటచే, భూమి లేనివాడు గుమ్మము వెలుపలనే నిలిచెను. 1923లో విఠల్‌రావు తనకంటె బీదయైన రైతును చేర్చుకొనెను. ఆ రైతుకంటె బీదవానిని చేర్చుకొనుట తరువాతివారి వంతు. ఆ పని యింకను తీఱలేదు.

సభ్యులకు మనవి

సోదర రైతులారా! ఈ జీవితమునుండి మనము గ్రహింపవలసినది ఇది. కలిగిన రైతు సంఘములో చేరుట దానము కాదు. పొరుగువాని పంట నిలువనిదే తన పంటకును ధర నిలువదని తెలిసికొనుట. అట్లు చేరిన పెద్దరైతు పదవికై గాక పూచీకై ముందుకు రావలయును. చిన్నరైతు దండము పెట్టుటకు గాక లెక్క చూచుటకు సభకు రావలయును. ఈ రెండును ఉన్నచో చిన్న పరపతి సంఘమే పెద్ద పనులకు పునాది యగును. ఒకటి లోపించినను ఎంత పెద్ద ఫ్యాక్టరీ యైనను గోడలే మిగులును.

సర్వసభ్య సమావేశమున చర్చించుటకై ఈ ప్రశ్నలను ఇచ్చుచున్నాము. చదువు వచ్చినవారు రానివారికి చదివి వినిపింతురుగాక.

1. మన సంఘమున గడువు మీఱిన బాకీలలో చిన్నరైతులవి యెన్ని, పెద్దరైతులవి యెన్ని? లెక్క పుస్తకము తెప్పించి చూడుడు.

2. మన ఊరిలో కలిగినవారు ఎందఱు సంఘమునకు వెలుపల నున్నారు? వారు చేరకుండుటకు కారణము భయమా, తగవా, లేక ఎవరును పిలువకపోవుటయా?

3. అప్పు మన సంఘముది, అమ్మకము దలారిది అను స్థితి మన ఊర ఏ పంటలో నున్నది? ఆ రెంటిని కలుపుటకు ఈ యేడు చేయదగిన చిన్న పని యేది?

4. పదియేండ్లుగా మన పాలకవర్గమున మాఱని పేర్లు ఎన్ని? వారి ప్రక్కన కూర్చుండి పని నేర్చుకొనుచున్న పడుచువారు ఎవరు?

5. మన పొలములలో పనిచేయు భూమిలేని కుటుంబములకు మన సంఘమున ప్రవేశము కలదా? లేనిచో ఏ నిబంధన అడ్డు?

ఈ యైదింటికి నిజమైన జవాబులు వ్రాసికొన్న సంఘము, లోణీ గ్రామము 1923లో నున్న చోటికి చేరినట్లే. అచ్చటినుండి నడచుట మన చేతిలోని పని.